సముద్రంలో చివరి ఆయకట్టు

నంద్యాలకు సముద్రం లేదు. ఊరి నడుమ నిలబడి నిక్కచ్చిగా తూర్పుకు ఒక గీత గీస్తే అది నల్లమలను దాటి, గిద్దలూరు, కంభం ప్రాంతాల మీదుగా పోయి, సుమారు 180 కిలోమీటర్ల తరువాత ఒంగోలు దగ్గర కడలిని తాకుతుంది. మా చిన్నతనంలో సముద్రమంటే ఆకాశవాణి వార్తల్లో వినవచ్చే ఒక మాట. బంగాళాఖాతంలో వాయుగుండం అని చదివితే రెండు మూడు రోజులకు కుందూనది బురదనీళ్ళతో పొంగేది. అంతే, మాకూ దానికీ ఉన్న బంధుత్వం.

అటువంటి ఊరివాణ్ణి, పొట్టకూటికి సముద్రం లోపలి అలల లెక్కలు కడుతుంటాను. ఓడ మీద కాదు; నాలుగు గోడల మధ్య, గణకయంత్రం ముందు. ఒక అల తన శక్తిని మరొక అలకు ఎలా అప్పగిస్తుంది, ఆ అప్పగింతలు మేము యంత్రంలో కట్టిన నమూనా సముద్రంలో సక్రమంగా జరుగుతున్నాయా లేదా అన్నది నా పని. దీన్ని తెలుగులో ఒక్కసారైనా సాంతం చెప్పుకోవాలని చాన్నాళ్ళుగా కోరిక. చదువరులు కొంచెం ఓపిక పట్టాలని మనవి. నడుమ పిల్లకాలువలూ పత్తిమిల్లు పద్దులూ వస్తాయి, కానీ అవి పక్కదారులు కావు.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషువాళ్ళు ఇంటర్నల్ వేవ్ అనేదాన్ని పాఠ్యపుస్తకం ధోరణిలో అంతర్గత తరంగం అనవచ్చు. మాట శుద్ధంగానే ఉన్నది గానీ నోట్లో తిరగదు. నేను ‘లోఅల’ అంటాను. సంధి చెయ్యకుండా వదిలేశావేమని వ్యాకరణం తెలిసిన మిత్రులు కోప్పడవచ్చు. చేస్తే అది ‘లోల’ అయి కూర్చుంటుంది, అప్పుడు అర్థం మరీ చంచలమైపోతుంది. కనుక విడిగానే ఉంచుతున్నాను. ఇక సిమ్యులేషన్‌కు అనుకరణ అన్న మాట ఉన్నా, అది వినగానే నాకు మిమిక్రీ కళాకారులు గుర్తొస్తారు. అందుకే నమూనా సముద్రం అంటున్నాను.

లోఅల ఏమిటో తెలియడానికి సముద్రం అక్కర్లేదు. ఒక సీసాలో సగం నీళ్ళు, సగం కిరోసిన్ పోసి బిరడా బిగించండి. ఒకప్పుడు చౌకధరల దుకాణంలో ఇచ్చిన నీలిరంగు కిరోసిన్ అయితే ఇంకా మేలు, రెండింటి మధ్య హద్దు స్పష్టంగా కనబడుతుంది. సీసాను అడ్డంగా పట్టుకొని మెల్లగా వంచండి. ఆ హద్దు మీద ఒక అల లేచి, ఎంతో తీరికగా, ఏదో కలలో నడుస్తున్నట్టు ఆ చివరకు పోయి తిరిగివస్తుంది. మామూలు నీటి అలకు పైన గాలి, కింద నీరు. గాలి కంటే నీరు ఎన్నో వందల రెట్లు బరువు కనుక లేచిన నీటిని భూమి వెంటనే కిందికి లాగేస్తుంది. కిరోసిన్‌కూ నీటికీ బరువులో తేడా కొద్దిగానే గనుక ఆ లాగడంలో తొందర లేదు. అందుకే అల నెమ్మదిగా నడుస్తుంది, కొంచెం ఊపుకే బాగా ఎత్తు లేస్తుంది.

సముద్రంలో ఈ తేడా కిరోసిన్ సీసాలోకన్నా చాలా తక్కువ, వేయింట కొన్ని పాళ్ళు మాత్రమే. పైన వెచ్చని, ఉప్పు తక్కువైన నీరు. కింద చల్లని, ఉప్పు హెచ్చైన నీరు. బంగాళాఖాతంలో గంగా బ్రహ్మపుత్రలు, ఐరావతి, మన గోదావరీ కృష్ణలు తెచ్చి పోసే మంచినీటి వల్ల పై పొర మరింత తేలికై, మూత వేసినట్టు ఉంటుంది. ఈ పొరల నడుమ లేచే అల పదుల మీటర్ల ఎత్తు ఉన్నా ఉపరితలం మీద దాని జాడ కొన్ని సెంటీమీటర్లే. ఓడలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. లేదా తెలియకుండానే దానికి బందీ కావచ్చు. 1893లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ ధ్రువసముద్రంలో ‘ఫ్రామ్’ అనే ఓడ మీద పోతుండగా, ప్రశాంతమైన నీళ్ళలో ఓడ ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు నడక మందగించింది. మంచు కరిగిన మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరగా పరుచుకొని ఉండగా, ఓడ తన బలాన్నంతా ఆ రెండింటి హద్దు మీద అలలు లేపడానికే ఖర్చుపెట్టిందని 1904లో ఎక్‌మన్ తొట్టెలో ప్రయోగాలు చేసి చూపాడు. కనబడని అల కూడా ఖర్చు రాయించుకొంటుందన్న మాట.

మన తీరానికి ఈ విషయంలో పాత చరిత్రే ఉన్నది. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చాడు. తరువాత మరొక మారు కూడా వచ్చి పనిచేశాడు. అక్కడి విద్యార్థులను వెంటేసుకొని, లోతుకొద్దీ ఉష్ణోగ్రతను గీసి చూపే పరికరాన్ని నీళ్ళలోకి దించుతూ, విశాఖ ఎదుట సముద్రంలో చల్లని నీరు ఎప్పుడు పైకి వస్తుందో, లోపలి పొరలు పోటుపాట్లతో పాటు ఎలా లేచి పడుతున్నాయో కొలిచారు. ఆ కొలతలు 1954లోనూ 1958లోనూ విశ్వవిద్యాలయమే అచ్చువేసిన సముద్రశాస్త్ర సంపుటాల్లోకి ఎక్కాయి. లోఅలల మీద ప్రపంచం ఇంకా పెద్దగా తలపెట్టని రోజుల్లో తెలుగు తీరంలో ఆ పని జరిగిందన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. ఇదే సీమలో, తరువాతి కాలంలో, తిరుపతి దగ్గరి గాదంకిలో పెద్ద రాడారు పెట్టి ఆకాశంలోని లోఅలలను చూస్తున్నారు. గాలికీ పొరలున్నాయి కదా. సూత్రం రెండు చోట్లా ఒక్కటే.

సరే, ఈ అలలకు శక్తి ఎక్కడిది? గాలి కొంత ఇస్తుంది. మిగతాది ఎక్కువగా చంద్రుడు ఇస్తాడు, సూర్యుడు ఓ చెయ్యి వేస్తాడు. వారిద్దరూ పోటుపాట్ల రూపంలో సముద్రాలకు ధారపోసే శక్తి సుమారు 3.5 టెరావాట్లు. 2000లో ఎగ్బర్ట్, రే అనే ఇద్దరు ఉపగ్రహపు కొలతలతో లెక్కగట్టి, అందులో ఇంచుమించు 1 టెరావాట్ తీరాల రాపిడిలో కాక నడిసముద్రంలో, లోతైన చోట్ల ఖర్చవుతున్నదని తేల్చారు. శ్రీశైలంలో రెండు గట్ల విద్యుత్కేంద్రాలూ కలిపితే 1,670 మెగావాట్లు. అలాంటివి ఆరువందలు పెట్టుకోండి, ఆ 1 టెరావాట్ అవుతుంది. పోటునీరు అటూ ఇటూ ఊగుతూ సముద్రం అడుగున ఉన్న కొండల వరసలను ఒరుసుకొన్నప్పుడు లోఅలలు పుడతాయి. మనకు దగ్గరలో అటువంటి వరస అండమాన్ నికోబార్ దీవులదే. అండమాన్ సముద్రంలోని మహాకాయమైన లోఅలల మీద ఆస్‌బోర్న్, బర్చ్ అనేవారు 1980లో రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చదివేదే. ఆ వరస దగ్గర పుట్టి పడమరకు బయలుదేరిన పొడవాటి అల ఒకటి గంటకు తొమ్మిది పది కిలోమీటర్ల వేగంతో, మనిషి తీరిగ్గా సైకిలు తొక్కినంత వేగంతో నడిచి, ఐదారు రోజులకు మన ఒంగోలు దరికి చేరగలదు. దాని శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైమాటే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వంద కిలోమీటర్ల అల చావాలంటే ముక్కలు కావాలి. నీటికి స్నిగ్ధత అనే గుణం ఉన్నది, శక్తిని వేడిగా మార్చేసేది అదే. కానీ అది పనిచేసేది మిల్లీమీటర్ల, సెంటీమీటర్ల మేర సుడుల్లోనే. వంద కిలోమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా ఆ శక్తి మెట్టు మెట్టుగా దిగిరావాలి. దింపేది ఎవరు? అలలే. పెద్ద అల చిన్న అలలకు, అవి ఇంకా చిన్నవాటికి.

ఈ అప్పగింతకు ఒక నియమం ఉన్నది. ముగ్గురు ఉండాలి. రెండు అలల పౌనఃపున్యాలు కూడితే మూడవదాని పౌనఃపున్యం రావాలి, వాటి దిశలూ పొడవులూ కూడా అలాగే కూడికకు ఒదగాలి. అప్పుడే శక్తి ఒకదాన్నుంచి మరొకదానికి నిలకడగా ప్రవహిస్తుంది. లేకపోతే ఒక క్షణం ఇచ్చి మరుక్షణం తీసేసుకోవడమే. కోలాటం ఆడేవాళ్ళను చూడండి. ఇద్దరి కోలలు అనుకోకుండా ఒకసారి తగలవచ్చు. కానీ గంట సేపు ప్రతి దరువుకూ తగులుతున్నాయంటే వాళ్ళు కలిసి ఆడుతున్నట్టే లెక్క. మేము నమూనా సముద్రంలో మూడేసి అలలను పట్టుకొని పరీక్షించేది కూడా అంతే: వాటి దరువు ఎంతసేపు కలిసి ఉన్నది? ఫిలిప్స్ 1960లో నీటి ఉపరితలం మీది అలల మధ్య ఇటువంటి అనునాదం ఉన్నదని చూపాడు. హాసెల్‌మన్ 1966లో దాని గణితాన్ని అలల సమూహాలన్నింటికీ విస్తరించాడు. ఆయనకే 2021లో, వేరే కృషికి, భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1977లో మెక్‌కోమస్, బ్రెథర్టన్ లోఅలల లెక్క చేసి, లెక్కలేనన్ని త్రయాల్లో ముఖ్యమైనవి మూడే రకాలని వేరుచేశారు.

మొదటి రకాన్ని ఉయ్యాల ఊగినవాళ్ళెవరైనా ఎరుగుదురు. చింతచెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాల పలక మీద నిలబడి, ఎవరూ తొయ్యకుండానే, కూర్చుంటూ లేస్తూ ఊపు పెంచుతాం గదా. ఉయ్యాల ఒక్కసారి పోయి వచ్చేలోపు మనం రెండుసార్లు కూర్చొని లేస్తాం. అంటే రెట్టింపు వేగంతో జరిగే చలనం తన శక్తిని సగం వేగంతో జరిగే చలనానికి ఇస్తున్నది. పోటు వల్ల పుట్టిన లోఅల 12 గంటల 25 నిమిషాలకొకసారి ఊగుతుంది. అది తన శక్తిని 24 గంటల 50 నిమిషాలకొకసారి ఊగే ఇద్దరు పిల్లలకు పంచగలదు. అయితే భూమి తిరుగుతున్నందువల్ల ఒక అడ్డు ఉన్నది. ఒక్కొక్క అక్షాంశం దగ్గర ఇంతకంటే నెమ్మదైన లోఅల ఉండకూడదని ఒక హద్దు. నంద్యాల అక్షాంశం ఇంచుమించు 15.5 డిగ్రీలు, అక్కడ ఆ హద్దు సుమారు 45 గంటలు. కనుక మన ఒంగోలు ఎదుట ఈ పంపకానికి అభ్యంతరం లేదు. ఉత్తరానికి పోయేకొద్దీ హద్దు బిగుసుకొంటూ 28.8 డిగ్రీల దగ్గర సరిగ్గా 24 గంటల 50 నిమిషాలవుతుంది. దాన్ని దాటితే ఆ పిల్లలకు పుట్టుకే లేదు. బంగాళాఖాతమంతా ఈ గీతకు దక్షిణానే ఉన్నది.

రెండవ రకం, పైకి పోతున్న అలను అద్దంలో వలె కిందికి తిప్పి పంపేది. దాని గురించి ఇంతకుమించి చెప్పను. మూడవది ముఖ్యం. పెద్ద, నెమ్మదైన ప్రవాహపు ఊపుల మీద చిన్న అల ఒకటి సవారీ చేస్తూ, ఒకసారి ఇటు నొక్కబడి, ఒకసారి అటు సాగి, కల్లు తాగినవాడు దారిలో తూలినట్టు తూలుతూ తూలుతూ క్రమంగా మరింత పొట్టి అలగా మారిపోతుంది. తూలినవాడు చివరకు ఏ గుంటలో పడతాడో, ఈ అల కూడా అలా ఒకచోట విరిగి సుడులైపోతుంది.

ఇప్పుడు ఆళ్ళగడ్డ. నంద్యాల నుంచి కడప దారిలో దక్షిణంగా పోతే వస్తుంది. ఊరి దగ్గర రోడ్డు పక్కన శిల్పుల ఉలి చప్పుళ్ళు, అహోబిలం పోయే యాత్రికుల బస్సులు. మా చిన్నాయనకు ఆ పక్క పల్లెలో మూడెకరాల మాగాణి ఉండేది. ఒక పిల్లకాలువకు చిట్టచివర. కాలువల సంగతి ఎరిగినవాళ్ళకు చివరి ఆయకట్టు అంటే చాలు, వేరే వర్ణన అక్కర్లేదు. కర్నూలు కడప కాలువ పాతది; 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవల రాకపోకలకూ పంటలకూ కలిపి తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొనుక్కొన్నది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయలుదేరి 300 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. పెద్దకాలువ నుంచి తూములు, తూముల నుంచి పిల్లకాలువలు, వాటి నుంచి మడికాలువలు, చివరకు ఒక మడి గట్టున వేలెడు గండి.

నేను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఆ ఊళ్ళో ఉన్నప్పుడు ఒకనాడు చిన్నాయన అన్నాడు: “నీళ్ళిడిసి ఆరు దినాలాయ గదరా. ఆడ ఇడిసింది నిజమే, ఈడ రానిదీ నిజమే. నడుమ యాడబోయినట్టు?” ఊళ్ళో అందరి దగ్గరా ఈ ప్రశ్నకు ఒక సిద్ధమైన జవాబు ఉండేది: పైవాళ్ళు దొంగిలించారు. చిన్నాయనకు ఆ జవాబు చాలలేదు. మరునాడు తెల్లవారుజామున, చద్దిమూట కట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని పిల్లకాలువ వెంబడి ఎగువకు నడవడం మొదలుపెట్టాడు.

ఆయన చేతికర్రకు బెత్తెడు బెత్తెడుకు కత్తితో గంట్లు పెట్టి ఉన్నాయి. ప్రతి తూము దగ్గరా ఆగి కర్ర ముంచి లోతు చూసేవాడు. అంతటితో సరిపెట్టలేదు. ఒక వేపాకు నీళ్ళలో వేసి, దాని పక్కనే గట్టు మీద నడుస్తూ అడుగులు లెక్కపెట్టమని నాతో చెప్పేవాడు. లోతు ఎక్కువున్నా నీరు నిలబడి ఉంటే లాభమేమి, ఎంత వస్తున్నదో తెలియాలంటే నడక కూడా తెలియాలి అన్నది ఆయన వాదం. ఎక్కువ చదువుకొన్నవాడు కాదు. సాయంత్రానికి మేము పెద్దకాలువ తూము దాకా పోయాం. దొంగ దొరకలేదు. ఒకచోట నల్లరేగడి నెర్రెల్లోకి కొంత, ఒకచోట ఎండ్రకాయల బొరియల్లోకి కొంత, తుంగా జమ్మూ పెరిగి నీటిని నిలబెట్టినచోట ఎండకు కొంత. అన్నింటికంటే ఎక్కువ పోయింది కాలువ గరుసునేల మీదుగా పోయే రెండు ఫర్లాంగుల్లో. పైకి అక్కడ ఏ లోపమూ కనబడదు, గట్టు చక్కగా ఉన్నది, నీరు తేటగా ఉన్నది, ముందూ వెనకా కొలిస్తే తప్ప తెలియదు. మరుసటేడు చిన్నాయన వరి మాని శనగ వేశాడు.

నమూనా సముద్రాల దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఈ నడకే గుర్తొచ్చింది. యంత్రంలో సముద్రాన్ని గళ్ళుగా కోస్తాం. నాసావాళ్ళ ప్రసిద్ధమైన ప్రపంచ నమూనా ఒకదానిలో గడి వెడల్పు డిగ్రీలో 48వ వంతు, అంటే రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ; లోతుకు 90 పొరలు. మనిషి చేసిన లెక్కల్లో ఇది మహాసూక్ష్మమే. అయినా రెండు కిలోమీటర్ల కంటే చిన్న అల అందులో బతకలేదు. శక్తి మెట్లు దిగుతూ దిగుతూ గడి అంచుకు వచ్చి ఆగిపోతుంది. ఇక ముందుకు కాలువ లేదు. కానీ శక్తి వస్తూనే ఉంటుంది. తీసెయ్యకపోతే లెక్క పేలిపోతుంది. అందుకని కృత్రిమమైన స్నిగ్ధత ఒకటి పెట్టి ఆ చివరన దాన్ని తాగించేస్తాం. అది మనం తెలిసి పెట్టినది. తెలియకుండా తాగేవి వేరే ఉన్నాయి: నీటిని ఒక గడి నుంచి మరొక గడికి జరిపే గణితపద్ధతిలోనే ఉండే ఊట, సుడుల వల్ల జరిగే కలయికకు బదులుగా పెట్టిన సూత్రం, తన పని కాని చోట కూడా తలదూర్చి బతికి ఉన్న అలను నొక్కెయ్యడం. ఈ రెండవది గరుసునేల వంటిది. 2022లో ఒక బృందం ప్రాంతీయ నమూనాలో ఆ సూత్రపు లోసముద్రపు భాగాన్ని ఆపివేసి చూస్తే లోఅలల వర్ణపటం నిజమైన కొలతలకు మరింత దగ్గరైంది.

వర్ణపటం అన్నాను. 1972లో గారెట్, మంక్ అనే ఇద్దరు అప్పటిదాకా దొరికిన కొలతలన్నీ పోగుచేసి, ఏ పొడవు అలలో, ఏ వేగపు అలలో ఎంత శక్తి ఉన్నదో ఒక వక్రరేఖగా రాశారు. ఏ సముద్రంలో చూసినా ఇంచుమించు అదే ఆకారం. మా వంటివాళ్ళకు అది పరీక్షాపత్రం. నమూనా సముద్రపు వక్రరేఖ దాని మీద పడితే ఉత్తీర్ణత. నాకు పేచీ ఇక్కడే.

నాయన నంద్యాలలో ఒక పత్తిమిల్లులో గుమాస్తా. వచ్చిన పత్తి ఇంత, తీసిన దూది ఇంత, గింజలు ఇంత. కూడితే సరిపోదు, మిగిలినది తరుగు. దుమ్ము, తేమ, నేలపాలు, ఎలుకలపాలు, అన్నీ ఆ ఒక్క పద్దు కిందికి. తరుగు ఉన్నంతకాలం ఏ లెక్కయినా సరిపోతుంది. నాయన ఆ పద్దును ఎప్పుడూ అనుమానంగానే చూసేవాడు. “తరుగనేది లెక్క గాదబ్బాయ్, లెక్క తెలీనప్పుడు రాసుకునే మాట” అనేవాడు. తేమ ఎంత, దుమ్ము ఎంత అని వేరువేరుగా రాసి చూపించేదాకా ఆయన మనసు ఒప్పుకొనేది కాదు. నెలాఖరున దానికోసం ఇంటికి రాత్రి పదింటికి వచ్చేవాడు, అమ్మ గొణుక్కొనేది.

నమూనాలో వక్రరేఖ సరిపోవడం వేరు, శక్తి సరైన దారిలో పోవడం వేరు. పెద్ద అల నుంచి చిన్న అలకు అప్పగింత సరిగా జరగకపోయినా, కృత్రిమ తరుగు కాస్త అటూ ఇటూ సవరిస్తే, రేఖ అందంగా వచ్చేస్తుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకొంటాయి. మా బృందంలో ఈ విషయమై పెద్ద వాదనే జరిగింది. ప్రతి త్రయం చేతులు మార్చే శక్తినీ, ప్రతి రకం తరుగునూ విడివిడిగా రాయించాలంటే యంత్రకాలమూ, భద్రపరచే చోటూ బాగా పెరుగుతాయి. ఫలితం కొలతలతో కలుస్తున్నప్పుడు ఇంత ఖర్చెందుకని ఒకరి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే, డబ్బు ఎవరికీ ఊరికే రాదు. నేను మాత్రం ప్రతి తూము దగ్గరా కర్ర ముంచాల్సిందేనని పట్టుబట్టాను. వేపాకు సంగతి కూడా చెప్పాను, వాళ్ళకు ఎంత అర్థమైందో తెలియదు గానీ నవ్వి ఒప్పుకొన్నారు.

ఇది ఊరికే పట్టుదల కాదు. 2005లో మెకినన్, వింటర్స్ అనేవారు నమూనా సముద్రంలో దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక పోటు లోఅలను నడిపించారు. అది పైన చెప్పిన 28.8 డిగ్రీల పరిసరాలకు చేరేసరికి ఉయ్యాల పద్ధతిలో తన శక్తిని పిల్లలకు విపరీతంగా పోగొట్టుకొన్నది. ఆ వ్యాసం పేరులోనే విపత్తు అన్న మాట పెట్టారు. మరుసటి సంవత్సరం, 2006లో, మెకినన్, మరికొందరు కలిసి హవాయికి ఉత్తరాన నిజమైన సముద్రంలోకి పోయి ఆ అక్షాంశం దాకా కొలిచారు. పంపకం జరుగుతూనే ఉన్నది, పిల్లల జాడలు స్పష్టంగా ఉన్నాయి. కానీ తల్లి అల పెద్దగా చిక్కిపోకుండా ఉత్తరానికి సాగిపోతున్నది. విపత్తు లేదు. లెక్కను సముద్రం దగ్గరికి తీసుకుపోయి సరిచూపించుకొన్న ఆ పనిని నేను చాలా గౌరవిస్తాను.

ఆ తరువాత హవాయి దగ్గరి సముద్రాన్నే మరింత చిన్న గళ్ళతో కట్టి, 2020లో మరొక బృందం నేను కోలాటమని చెప్పిన పరీక్ష చేసింది. చిన్న అలల మధ్య శక్తి దిగడంలో పెద్ద భాగం మూడవ రకానిదే, నెమ్మదైన పెద్ద ఊపుల మీద చిన్నది తూలుతూ పోవడమేనని తేలింది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వాళ్ళు ముందుగా గారెట్, మంక్‌ల రేఖను నిజమనుకొని మొదలుపెట్టలేదు. నమూనాలో ఉన్న అలలనే పట్టుకొని, చేతులు మారుతున్న శక్తిని నేరుగా కొలిచారు. గట్టు వెంబడి నడవడమంటే అదే.

శక్తి ఎక్కడ చచ్చినా ఒకటే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఒకటి కాదు. అల విరిగినచోట పై నీరూ కింది నీరూ కలుస్తాయి. పైన ఉన్న వెచ్చదనం కిందికి దిగుతుంది, కింది చల్లదనమూ సారమూ పైకి వస్తాయి. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు 2020లో దీనికి మంచి ఉదాహరణ చూపారు. అండమాన్ సముద్రపు లోతుల్లో, 1,200 మీటర్లకు కింద, నీరు అదే లోతులోని బంగాళాఖాతపు నీటికంటే రెండు డిగ్రీల మేర వెచ్చగా ఉంటుంది. కారణం ఆ దీవుల నడుమ పుట్టి అక్కడే విరిగే పోటు లోఅలల కలయికేనని వారు నమూనా సముద్రంతో నిరూపించారు. చలికాలపు చెరువులాంటి ఆ చీకటి లోతుకు చంద్రుడు వెచ్చదనాన్ని దింపుతున్నాడన్న మాట. అదే శక్తి నమూనాలో పొరపాటున పైపొరలోనో, గడి అంచునో తరుగు కింద రాసేస్తే ఆ లోతు చల్లగానే మిగిలిపోతుంది. ప్రపంచ వాతావరణాన్ని లెక్కగట్టే నమూనాల్లో గళ్ళు ఇంకా పెద్దవి, వాటిలో లోఅలలకు చోటే లేదు. అల ఎక్కడ విరుగుతుందో చెప్పే సూత్రం ఒకటి మాత్రమే ఉంటుంది. ఆ సూత్రం అల నుంచి అలకు శక్తి ఎంత వడిగా దిగుతుందన్న లెక్క మీద నిలబడినది.

ఇప్పుడు మా పరుగు ఒకటి బంగాళాఖాతపు పడమటి భాగం మీద నడుస్తున్నది, 10 డిగ్రీల నుంచి 18 డిగ్రీల దాకా. తూర్పు హద్దు నుంచి అండమాన్ అలలను లోపలికి వదలవలసి ఉంటుంది; బయటినుంచి వచ్చే అలలను వదలకపోతే లోపల ఎంత చిన్న గళ్ళు పెట్టినా కాలువ ఎండే ఉంటుందని ఇదివరకటి వాళ్ళు చూపారు. ఒంగోలు, విశాఖల ఎదుట నిలువుగా నాలుగు గీతలు గీసి, ఒక్కొక్క గీత దగ్గర వచ్చినది ఎంత, పిల్లలకు పంచినది ఎంత, విరిగినది ఎంత, గణితం తాగినది ఎంత అని వరసగా రాయిస్తున్నాను. ఆ చివరి వరసకు సంకేతలిపిలో పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ‘తరుగు’ అనే పెట్టాను. జర్మన్ సహోద్యోగి ఒకడు అది ఏ శాస్త్రజ్ఞుడి పేరని అడిగాడు.